ఏపీ లిటరేచర్ ఎస్సేకి ఎప్పుడూ ఆరుకి మూడే, "సమ్మరీ తగ్గించు" అంటున్నారు. అసలు ఏం రాయాలి?

ఇద్దరు_పిల్లల_తల్లి అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. మేం అమెరికాలో ఉంటాం. మా పెద్దమ్మాయి పన్నెండో తరగతి. పోయిన ఏడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) లాంగ్వేజ్ తీసుకుంది, బాగానే వచ్చింది, అందుకని ఈ ఏడాది ఏపీ ఇంగ్లిష్ లిటరేచర్ అండ్ కాంపోజిషన్‌లో చేరింది. చిన్నప్పటి నుంచీ పుస్తకాల పురుగు, లైబ్రరీ నుంచి తెచ్చినవి తెచ్చినట్టు చదివేసే పిల్ల కదా, ఇది దానికి నల్లేరు మీద బండి నడకే అనుకున్నాం. తీరా చూస్తే క్లాసులో టైం పెట్టి రాయించే ప్రతి ఎస్సేకీ ఆరుకి మూడు. ఒకసారి రెండు కూడా వచ్చింది. పేపరు నిండా "టూ మచ్ సమ్మరీ", "గో డీపర్" అని రాసి ఇస్తున్నారు.

మొన్న షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ మీద రాసిన ఎస్సే నాకు చూపించింది. మాక్‌బెత్ భార్య లేడీ మాక్‌బెత్ చేతులు కడుక్కునే సీన్ గురించి ఒక పేరా రాసి, చివర్లో "దీన్ని బట్టి ఆమెలోని పశ్చాత్తాపం తెలుస్తోంది" అన్న అర్థం వచ్చేలా ముగించింది. టీచర్ ఆ వాక్యం చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన "ఎలా?" అని ఒక్క ముక్క రాశారు. "ఎలా అంటే ఏంటమ్మా, చేతులు కడుక్కుంటోందంటేనే తెలియట్లేదా" అని ఇది ఏడుపు మొహం పెట్టింది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. నేను తెలుగు మీడియంలో చదివి, ఇంటర్లోనూ డిగ్రీలోనూ ఇంగ్లిష్ పేపరు గైడు చూసి గట్టెక్కిన దాన్ని. లెక్కలైతే ఇప్పటికీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పగలను, దీనికి మాత్రం ఏం సాయం చెయ్యాలో పాలుపోవట్లేదు.

అనాలిసిస్ అంటే ఏం రాయాలి? గ్రామర్ వల్ల మార్కులు పోతున్నాయా? పరీక్షకి ఎన్ని పుస్తకాలు చదవాలి? ట్యూటర్‌ని పెట్టమంటారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఇంట్లో టెన్షన్ టెన్షన్‌గా ఉంది.


ప్రాక్టికల్_నాన్న:

అమ్మాయి కంప్యూటర్ సైన్సో, ఇంజినీరింగో అయితే దీని మీద ఇంత బుర్ర పాడుచేసుకోవడం అనవసరం అండీ. మామూలు ఇంగ్లిష్ క్లాసుకి మారిపోయి ఆ టైం కాల్‌క్యులస్ మీద పెట్టమనండి. ఏపీ లాంగ్వేజ్‌కి ఇప్పటికే స్కోరు ఉంది కదా. చాలా కాలేజీలు ఈ రెంటికీ కలిపి ఒకే రైటింగ్ కోర్సుకి క్రెడిట్ (ఆ కోర్సు చదివేసినట్టే లెక్క) ఇస్తాయి, కొన్ని అసలివ్వవు, కొన్ని పరీక్షలో ఐదుకి ఐదు వస్తేనే ఇస్తాయి. అప్లై చేసే కాలేజీల వెబ్‌సైట్లలో ఏపీ క్రెడిట్ పేజీ చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.


తెల్లకాగితం_టీచర్:

క్రెడిట్ సంగతి చూసుకోమన్నది సబబే. కానీ చదవడమంటే ప్రాణం పెట్టే పిల్లని మూడు మార్కులొచ్చాయని క్లాసు మార్పించడం నాకు నచ్చలేదు.

మేడమ్, నేనిక్కడ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను, ఏపీ లిట్ కూడా నా క్లాసే. మీ అమ్మాయి ఆగిన చోటు మాకు బాగా తెలిసిన చోటు. బాగా చదివే పిల్లలే ఎక్కువగా అక్కడ ఆగుతారు, ఎందుకంటే వాళ్లకి కథ అంతా గుర్తుంటుంది, గుర్తున్నదంతా రాయాలనిపిస్తుంది.

ముందు ఆ మూడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. ఆరు పాయింట్లలో ఒకటి థీసిస్‌ది. ప్రశ్నలో అడిగిన దానికి సమాధానంగా, ఎవరైనా కాదని వాదించడానికి వీలున్న ఒక అభిప్రాయం చెప్పాలి. ప్రశ్ననే తిప్పి రాస్తే ఆ పాయింటు రాదు. నాలుగు పాయింట్లు ఎవిడెన్స్‌కీ (పుస్తకంలోంచి చూపించే ఆధారం), కామెంటరీకీ (ఆ ఆధారం మీద మన వివరణ). చివరి ఒక్కటీ సొఫిస్టికేషన్ (ఆలోచనలో, రాతలో లోతు) అంటారు, దాని ఊసు ఇప్పుడు వద్దు, అది వెంటపడితే దొరికేది కాదు. మీ అమ్మాయికి మూడు వస్తోందంటే థీసిస్ పాయింటు వస్తోంది, నాలుగింట్లో రెండు వస్తున్నాయి అని నా అంచనా. అంటే పుస్తకంలోంచి తగిన సంగతులే ఎత్తి చూపిస్తోంది, అక్కడక్కడా వివరిస్తోంది, కానీ ఒక వాదన మొదలై ముందుకు నడవడం లేదు. రెండు వచ్చిన రోజు వివరణ కూడా లేకుండా కథే చెప్పి ఉంటుంది.

ఇప్పుడు ఆ "ఎలా?" దగ్గరికి వద్దాం, దానిలోనే అంతా ఉంది.

రెండో అంకంలో రాజుని చంపి వచ్చాక మాక్‌బెత్ తన చేతులు చూసుకుని, సముద్రం మొత్తం పోసి కడిగినా ఈ నెత్తురు పోదు, సముద్రమే ఎర్రబడుతుంది అంటాడు. కాసేపటికే లేడీ మాక్‌బెత్ కూడా చేతులకి అదే నెత్తురు పూసుకుని వచ్చి, కాసిన్ని నీళ్లతో పోయేదానికి ఇంత గొడవెందుకు అన్నట్టు మాట్లాడుతుంది. ఐదో అంకం మొదటి సీన్లో అదే మనిషి నిద్రలో నడుస్తూ, లేని మరకని రుద్దుకుంటూ ఉంటుంది. మీ అమ్మాయి ఇక్కడి వరకూ రాసి, పశ్చాత్తాపం అని ముగించింది. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇదంతా ఎవిడెన్స్. కామెంటరీ ఇంకా మొదలవలేదు.

ఇక్కణ్ణుంచి ప్రశ్నలు వెయ్యాలి. రెండో అంకంలో నెత్తురు నిజంగా ఉంది, ఆవిడ దాన్ని లెక్కచెయ్యలేదు. ఐదో అంకంలో నెత్తురు లేదు, ఆవిడకి అదే కనిపిస్తోంది, వాసన కూడా వస్తోంది. ఎందుకు ఇలా తిరగబడింది? మూడో అంకంలో భర్తతో "అయిందేదో అయిపోయింది" అన్న మనిషి, ఇక్కడ "అయినదాన్ని కానట్టు చెయ్యలేం" అంటుంది. దాదాపు అవే మాటలు, అర్థం మాత్రం తలకిందులు. ఇంకోటి, పిల్లలు చూడకుండా దాటేసేది: భర్త రాసిన ఉత్తరం చదివే చోటు వదిలేస్తే ఆవిడ మాటలు అప్పటిదాకా ఛందస్సులో, ఒక లయలో నడుస్తాయి. ఈ సీన్లో వచనంలోకి పడిపోతాయి. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ పొంతన ఉండదు. మనసు మీద పట్టు పోయిందని ఎవరూ చెప్పక్కర్లేకుండా మాటల నడకే చెప్పేస్తోంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, నిద్రలో ఆవిడ అంటున్నదేంటో ఒకసారి మళ్లీ చదవమనండి. "క్షమించండి" అనడం లేదు. చేతులు కడుక్కో, నైట్‌గౌను వేసుకో, అలా పాలిపోయి కనపడకు అని భర్తకి ఆర్డర్లు వేస్తోంది. ఎవరికి తెలిస్తే మనకేంటి, మనల్ని అడిగేవాడెవడు అంటోంది. హత్య జరిగిన రాత్రి పరిస్థితిని చక్కదిద్దిన మనిషి, ఇప్పటికీ నిద్రలో ఆ రాత్రినే చక్కదిద్దుతోంది. అలా చూస్తే పశ్చాత్తాపం అన్న మాట ఇక్కడ అతుకుతుందా? అతుకుతుందని వాదించొచ్చు, అతకదనీ వాదించొచ్చు. కానీ వాదించాలి. మీ అమ్మాయి టీచర్ "ఎలా?" అని రాసింది దీని కోసమే. పశ్చాత్తాపం అన్నది నాటకం చదవని వాడు కూడా చెప్పగలడు. "చెయ్యిదాటిపోయిన దాన్ని ఇంకా తన చేతిలోనే ఉన్నట్టు నడిపించాలని చూడటం" అన్నది ఆ సీన్ శ్రద్ధగా చదివినవాళ్లు మాత్రమే చెప్పగలరు.

గ్రామర్ గురించి అడిగారు. చదివేవాళ్లకి అర్థం కానంతగా తప్పులుంటే ఎవిడెన్స్‌లో నాలుగో పాయింటు రాదు, అంతే. అక్కడొక కామా ఇక్కడొక స్పెల్లింగ్ పోయినంత మాత్రాన ఎవరూ మార్కులు కొయ్యరు, టైం పెట్టి రాయించింది డ్రాఫ్టే అని దిద్దేవాళ్లకి తెలుసు.


కాలేజీ_మొదటేడు:

ఆంటీ, నేను ఈ పరీక్ష రాసి వచ్చాను, నాదీ మీ అమ్మాయి కేసే. పైన టీచర్ గారు చెప్పింది నాకు ఏడాది మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే బావుండేది.

ఏపీ లాంగ్వేజ్ నుంచి వచ్చేవాళ్లకి ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంటుంది. అక్కడ ప్రసంగాలూ వ్యాసాలూ చదివి, రాసినవాళ్లు జనాన్ని ఎలా ఒప్పించారో రాస్తాం. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చి "రచయిత పాఠకుణ్ణి ఒప్పించడానికి ఇమేజరీ (కళ్లకి కట్టే వర్ణన) వాడారు" అని రాసేస్తాం. కథలో, కవితలో ఎవరూ ఎవర్నీ ఒప్పించడం లేదు. పైగా కవితలో "నేను" అన్నవాడు కవి కాదు, స్పీకర్. అది ఒక పాత్ర. వాడు అబద్ధం చెప్తుండొచ్చు, వాడికి తెలియనిది మనకి తెలుస్తుండొచ్చు. ఈ ఒక్కటి తలకెక్కిన తర్వాత నా ఎస్సేలు మారాయి.

పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలీకపోతే చెప్తాను. మొదటి గంటలో 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, స్కోరులో వాటి వాటా 45 శాతం. తప్పు రాస్తే మైనస్ లేదు, ఏదీ ఖాళీ వదలొద్దు. తర్వాత రెండు గంటల్లో మూడు ఎస్సేలు, 55 శాతం. ఒకటి వాళ్లిచ్చిన కవిత మీద, ఒకటి వాళ్లిచ్చిన కథాభాగం మీద, మూడోది మనకి తెలిసిన నవలో నాటకమో ఎంచుకుని. ఒక్కోదానికి నలభై నిమిషాలని సూచిస్తారు కానీ ఎవరూ గంట కొట్టరు, మనమే చూసుకోవాలి. మూడింట్లో ఏది ముందు రాయాలన్నది కూడా మన ఇష్టమే. ఇప్పుడు అంతా బ్లూబుక్ అనే పరీక్ష యాప్‌లో టైప్ చెయ్యడమే, కాబట్టి ఇంట్లో ప్రాక్టీసు కూడా టైప్ చేస్తూనే చెయ్యమనండి.

నేను చేసిన మార్పు ఏంటంటే, రాయడం మొదలుపెట్టే ముందు ఎనిమిది, పది నిమిషాలు ఒక్క వాక్యం కూడా రాయకుండా చదవడం. అందరూ దడదడా కీబోర్డు కొడుతుంటే మనం ఖాళీగా కూర్చోవడం భయంగానే ఉంటుంది. కానీ ఆ పది నిమిషాల్లో చెప్పడానికి ఏదైనా దొరికితే మిగతా ముప్పై నిమిషాలు చాలు. దొరకకపోతే ఆ ముప్పై నిమిషాలూ కథే చెప్తాం, ఇంకేం చెప్తాం.

కవిత అయితే ముందు టైటిల్ చూడాలి (నేను టైటిల్ చదవకుండా దూకేసేవాళ్లని చాలామందిని చూశాను), తర్వాత ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎప్పుడు, ఏం జరిగాక అన్నది పట్టుకోవాలి. ఆ తర్వాత ఎక్కడ మలుపు తిరిగిందో వెతకాలి. "కానీ", "అయినా", "ఇప్పుడు" లాంటి మాట దగ్గర తిరగొచ్చు, కాలం మారొచ్చు, ఉన్నట్టుండి వాక్యాలు పొట్టివైపోవచ్చు. పద్నాలుగు లైన్ల సానెట్ అయితే తొమ్మిదో లైను దగ్గరో, షేక్‌స్పియర్ తరహాదైతే చివరి రెండు లైన్ల దగ్గరో చూడమంటారు. మలుపుకి ముందు స్పీకర్ ఏమనుకున్నాడు, తర్వాత ఏమనుకుంటున్నాడు, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? సగం థీసిస్ అక్కడే ఉంటుంది.

ట్యూటర్ గురించి నాకు తెలీదు ఆంటీ, నేను పెట్టుకోలేదు. ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ వాళ్లు పాత ప్రశ్నలతో పాటు పిల్లలు నిజంగా రాసిన ఎస్సేలూ, వాటికి ఎన్ని పాయింట్లు ఎందుకొచ్చాయో వివరణా పెడతారు, ఫ్రీనే. వివరణ చూడకుండా తనే మార్కులు వేసి, తర్వాత పోల్చి చూసుకోమనండి. మూడు పాయింట్ల ఎస్సే, ఐదు పాయింట్ల ఎస్సే పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడా కళ్లకి కడుతుంది. పొడుగ్గా ఉన్నదానికే ఎక్కువ వచ్చుంటుందని అనుకుంటాం, అన్నిసార్లూ అలా ఉండదు.


పాత_తెలుగు_వాచకం:

అమ్మా, మీకు ఇంగ్లిష్ లిటరేచర్ రాదు కాబట్టి సాయం చెయ్యలేనంటున్నారు కదా, మీకు ఇది వచ్చు. మీరు తెలుగు మీడియం అన్నారు. పద్యం ఇచ్చి ప్రతిపదార్థం, తాత్పర్యం రాయమనేవాళ్లు గుర్తుందా? మీ అమ్మాయి రాస్తున్నది తాత్పర్యం. శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా రాస్తోంది. వాళ్లడుగుతున్నది అది కాదు.

మరి ఏం అడుగుతున్నారంటే, అదే పేపర్లో ఇంకో మూల అలంకారం ప్రశ్న ఉండేది. ఫలానా అలంకారం అని పేరు రాస్తే ఒక మార్కు. లక్షణం రాసి, ఈ పద్యంలో అది ఎలా కుదిరిందో సమన్వయం రాస్తేనే పూర్తి మార్కులు. మన ఇంగ్లిష్ ఎస్సేలో పిల్లలు "ఇక్కడ మెటఫర్ (రూపకం) ఉంది, ఇక్కడ ఇమేజరీ ఉంది" అని పేర్లు రాసుకుంటూ పోయి సమన్వయం ఎగ్గొడతారు. ఆ సమన్వయమే వీళ్ల కామెంటరీ.

వేమన పద్యం ఒకటి తీసుకుని చూపిస్తాను, అందరికీ వచ్చిందే, ఉప్పు కప్పురంబు. తాత్పర్యం ఏంటి? ఉప్పూ కర్పూరం చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రుచి వేరు, అలాగే మనుషుల్లో పుణ్యపురుషులు వేరు. అయిపోయింది. ఇప్పుడు తాత్పర్యం పక్కన పెట్టి "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్న ఒక్క పాదం దగ్గర ఆగండి. "చూడ" అని రెండుసార్లు ఎందుకన్నాడు? మొదటి పాదంలో రెండూ ఒక్కలా ఉన్నాయని చెప్పింది కంటి చూపు. ఒక్క చూపుకి తేడా తెలియలేదు. రెండో పాదంలో చూపు మీద చూపు, పైగా రుచి చూడటం అంటే దగ్గరికి వెళ్లి నోట్లో వేసుకోవడం. అంటే మంచివాడు వేరు అని చెప్పడంతో ఈ పద్యం ఆగలేదు, ఆ తేడా దూరం నుంచి తెలియదనీ, మళ్లీ మళ్లీ దగ్గరగా చూడాలనీ కూడా అంటోంది. ఆ సంగతి తాత్పర్యంలో లేదు చూడండి. "జాడ" అన్నాడు, జాడ అంటే మనం వెంటపడి పోవాల్సింది. మీరు కాదనండి, వేరేలా చెప్పండి, పర్లేదు. ఇద్దరు మనుషులు పద్యం ముందు పెట్టుకుని ఇలా గొడవపడగలిగితే దాన్నే వాళ్లు అనాలిసిస్ అంటున్నారు.

మీ అమ్మాయికి తెలుగు చదవడం రాకపోయినా మీరు చదివి వినిపించండి. అర్థం మీరు చెప్పండి, "ఎందుకు ఇలా అన్నాడు" అన్నది తనని చెప్పమనండి. మార్కుల భయం లేని చోట పిల్లలు ఎంత బాగా మాట్లాడతారో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.


ప్రాక్టికల్_నాన్న:

ఉప్పు కప్పురంబు ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండీ, చిన్నప్పుడు బట్టీ కొట్టి అప్పజెప్పాం అంతే. ఒప్పుకుంటున్నా. కానీ ఒక డౌటు, రాసిన ఎస్సేని ఏఐకి ఇచ్చి బాగు చేయించుకుని, అది చూసి నేర్చుకుంటే సరిపోదా? ఇంత కష్టమెందుకు?


తెల్లకాగితం_టీచర్:

పరీక్షలో బ్లూబుక్ తెరిస్తే వేరే యాప్ తెరుచుకోదు, అది మొదటి సంగతి. రెండోది, నా క్లాసులో చూసింది చెప్తాను. అలా బాగు చేయించుకున్న ఎస్సేల్లో వాక్యాలు నున్నగా అవుతాయి, పెద్ద పెద్ద మాటలు వస్తాయి, "ఎలా?" అన్న ప్రశ్న మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది. పశ్చాత్తాపం అన్న మాట పోయి దాని బదులు ఇంకా గంభీరమైన మాట వస్తుంది. పిల్ల చదవకుండా వదిలేసిన లైను చదవకుండానే ఉండిపోతుంది. వాడాలనుకుంటే రాశాక వాడమనండి, అదీ "ఈ పేరా చదివితే నేను ఏం వాదిస్తున్నానని నీకనిపిస్తోంది" అని అడగడానికి మాత్రమే. అది చెప్పింది తను అనుకున్నదాంతో కలవకపోతే పేరాలో ఎక్కడో లింకు తెగిందని తెలుస్తుంది. నిజానికి ఈ పని ఏఐ అక్కర్లేకుండా చెల్లెలో తమ్ముడో కూడా చేసిపెట్టగలరు.

పాత_తెలుగు_వాచకం గారూ, సమన్వయం మాట నా క్లాసులో తెలుగు పిల్లలకి చెప్పేస్తాను, మీ పేరు చెప్పుకుని.


ఇద్దరు_పిల్లల_తల్లి:

అందరికీ చాలా థాంక్సండీ. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

టీచర్ గారు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. నిద్రలో భర్తకి ఆర్డర్లు వేస్తోందన్న చోటికి వచ్చేసరికి "ఆగు ఆగు" అని పుస్తకం తెచ్చుకుంది. ఆ సీన్లో డాక్టరూ, పనిమనిషీ పక్కన నిలబడి చూస్తూ ఉంటారట కదా, ఆవిడ ఎవరికి తెలిస్తే మనకేంటి అంటుంటే అప్పటికే ఇద్దరికి తెలిసిపోతోంది, ఆ సంగతి ఆవిడకి మాత్రం తెలీదు, అది రాయొచ్చా అని అడుగుతోంది. నాకైతే బ్రహ్మాండంగా ఉందనిపించింది, రైటో కాదో మీరే చెప్పాలి.

వేమన పద్యం కూడా ట్రై చేశాం. చిన్నవాడు మధ్యలో దూరి, కర్పూరం తింటే ప్రమాదం కదా, రుచి చూడమంటాడేంటి వేమన అన్నాడు. అది అనాలిసిస్ కిందకి వస్తుందో రాదో గానీ అరగంట అదే గొడవ.

ఇంక నాకు మిగిలిన డౌటు మూడో ఎస్సే. పుస్తకం చేతిలో ఉండదు, గుర్తున్నంత వరకే రాయాలి. మా అమ్మాయి బోలెడు చదివింది కాబట్టి ఏది ఎంచుకోవాలో తెలీక అక్కడే టైం పోతుందేమోనని భయం. అందులో అయితే కథ చెప్పక తప్పదు కదా, దిద్దేవాళ్లు ఆ పుస్తకం చదివి ఉండకపోతే?


తెల్లకాగితం_టీచర్:

డాక్టరూ పనిమనిషీ గురించి అన్నది రాయొచ్చా అని అడుగుతోందా, రాయకపోతే నేను ఊరుకోను. తన రహస్యం తనే బయటపెట్టుకుంటూ, ఎవరికి తెలిస్తే ఏంటి అనడం. డాక్టర్ అయితే విన్నది రాసుకుంటాను అని కాగితం మీద పెడతాడు కూడా. పరిస్థితి తన చేతిలోనే ఉందనుకుంటోంది అన్న వాదనకి దీనికంటే గట్టి ఎవిడెన్స్ ఆ సీన్లో ఇంకోటి లేదు. ఆ పేరా మళ్లీ రాయమనండి, పశ్చాత్తాపం అన్న మాట వాడకుండా రాయమనండి.

మూడో ఎస్సే విషయానికొస్తే, కథ చెప్పక తప్పదన్నది అపోహ. కథ ఊరికే చెప్పుకుపోవద్దని ప్రశ్నలోనే రాసి ఉంటుంది. దిద్దేవాళ్లు హైస్కూల్లో ఏపీ చెప్పేవాళ్లూ, కాలేజీ ప్రొఫెసర్లూ. కథ తెలిసినవాళ్లతో మాట్లాడుతున్నట్టే రాయాలి. ఒక సంఘటన ఎత్తుకోవడానికి ఒక్క వాక్యం చాలు, ఆ తర్వాత రెండు మూడు వాక్యాలు దాని గురించి వాదన. పేరాలో ఎక్కువ భాగం "తర్వాత ఏం జరిగిందంటే" అయితే అది సమ్మరీ.

పరీక్షకి ఇన్ని పుస్తకాలని లెక్కేమీ లేదు, తప్పనిసరి జాబితా కూడా లేదు. ప్రశ్న కింద కొన్ని పేర్లు ఇస్తారు, అవి సూచనలే. జాబితాలో లేనిదైనా సాహిత్య విలువ ఉన్న రచన అయితే రాయొచ్చు. నేనైతే ఒక నాటకం, రెండు మూడు నవలలు గట్టిగా పట్టుకోమంటాను. కథలు ఒకదానికొకటి పోలిక లేనివై ఉండాలి, అప్పుడు కుటుంబం గురించి అడిగినా, అధికారం గురించి అడిగినా, సొంత ఊరు వదిలి రావడం గురించి అడిగినా ఏదో ఒకటి అందుకుంటుంది.


కాలేజీ_మొదటేడు:

టీచర్ గారు చెప్పిందానికి ఒక్కటి కలుపుతాను ఆంటీ. పుస్తకం ఇష్టమా కాదా అన్నది చూసుకోవద్దు. కళ్లు మూసుకుని ఆ పుస్తకంలోంచి చిన్న చిన్న సంగతులు, ఒక వస్తువు, ఒక గది, ఎవరో అన్న ఒక మాట, ఇలాంటివి గబగబా ఓ ఆరేడు చెప్పగలిగితే అది పరీక్షకి పనికొచ్చే పుస్తకం. మొత్తం కథ గుర్తుండి ఇవి గుర్తు లేకపోతే పనికిరాదు, సమ్మరీ తప్ప ఇంకేం రాయలేం. డైలాగులు అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టక్కర్లేదు, ఎవరు ఏ సందర్భంలో అన్నారో కచ్చితంగా చెప్తే చాలు.

నేను ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ రాసుకున్నాను. ఎడమవైపు ఈ చిన్న సంగతులు, కుడివైపు అది పుస్తకంలో మళ్లీ ఎక్కడ వచ్చింది, వచ్చినప్పుడు ఏం మారింది అని. మాక్‌బెత్ పేజీలో ఎడమవైపు మీ అమ్మాయి ఇప్పటికే నీళ్లూ నెత్తురూ రాసేసుకోవచ్చు. తలుపు చప్పుడు కూడా రాసుకోమనండి, రాజుని చంపిన వెంటనే వినిపిస్తుంది, నిద్రలో నడిచేటప్పుడు ఆవిడ నోట మళ్లీ వస్తుంది. కుడివైపు ఏం రాయాలో తనే చూసుకుంటుంది.